పనిచేసిన చోటే పుట్టినూరు

విమానయానానికి తొలిబాట వేసినవాళ్ల కోసం ఒక గౌరవ మందిరం కట్టాలనుకుంటే అందులో ఎవరికి పీట వేయాలి? విమానం నడిపినవాళ్లకా, తయారుచేసినవాళ్లకా, డబ్బు పెట్టినవాళ్లకా? లేక ఒక విమానాన్నే తెచ్చి నిలబెడితే సరిపోతుందా? ఈ ప్రశ్నకు రెండు ఊళ్లు రెండు రకాలుగా జవాబు చెప్పాయి. అమెరికాలో ఓహియో రాష్ట్రంలోని డేటన్ మనిషికి పీట వేసింది. మన విశాఖపట్నం విమానానికి పీట వేసింది.

ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం జడ్చర్లలో ఉన్నవాళ్లకు ఉంది. శంషాబాద్ విమానాశ్రయం మన బెంగళూరు హైవే మీదే, గంట ప్రయాణం. అదే హైవే మీద దక్షిణంగా పోతే అడ్డాకుల దగ్గర చర్చకొచ్చే పేరు గుడిబండ. అక్కడ విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతోంది. అది ఎప్పుడు కట్టినా, కట్టకపోయినా, ఈ నేల విమానయాన చరిత్రలో ఎవరి పేర్లు నిలవాలన్న చర్చ ఇప్పుడే మొదలుకావాలి. రన్‌వే కట్టాక పేరు పెట్టే పంచాయితీ ఎట్లాగూ వస్తుంది. అప్పుడు అసలు మనుషులు గుర్తుకు రారు.

డేటన్: మనిషికి పీట

రైట్ సోదరులు డేటన్‌లో సైకిళ్ల దుకాణం నడిపారు. 1903 డిసెంబరు 17న వాళ్లు ఎగిరింది మాత్రం అక్కడ కాదు, నార్త్ కరోలినా సముద్ర తీరాన కిట్టీ హాక్ దగ్గర ఇసుక దిబ్బల మీద. అన్నదమ్ముల్లో పెద్దవాడు విల్బర్ పుట్టింది ఇండియానా రాష్ట్రంలో. ఇంతకీ వాళ్లు ఎవరివాళ్లు? నార్త్ కరోలినా తన కార్ల నంబరు ప్లేట్ల మీద తొలి ఎగురుడు మాదేనని రాసుకుంది. ఓహియో తన ప్లేట్ల మీద విమానయానం పుట్టిల్లు మాదేనని రాసుకుంది. గాలి ఒక రాష్ట్రానిది, కష్టం మరో రాష్ట్రానిది. డేటన్ కష్టం వైపు నిలబడింది.

1962లో డేటన్ పౌరులు మొదలుపెట్టిన విమానయాన గౌరవ మందిరానికి 1964లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి జాతీయ హోదా ఇచ్చింది. తొలి గౌరవం సహజంగానే రైట్ సోదరులకు దక్కింది. ఆ తర్వాత కొద్దికొద్దిమందిని ఎంచుకుంటూ, వాళ్లు చేసిన పనిని నాలుగు మాటల్లో చెక్కుతూ వస్తున్నారు. లిండ్‌బర్గ్, అమీలియా ఇయర్‌హార్ట్ వంటి పేర్లు అక్కడ ఉండడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆ మందిరం విలువను నేను కొలిచేది మరో పేరుతో. 1965లోనే, అంటే మందిరం మొదలైన మూడేళ్లకే, చార్లెస్ టేలర్ అనే మెకానిక్‌కు అక్కడ చోటిచ్చారు.

టేలర్ రైట్ సోదరుల దుకాణంలో సైకిళ్లు బాగుచేసే మనిషి. విమానానికి సరిపడేంత తేలికైన ఇంజిన్ ఎవరూ తయారుచేసి ఇవ్వకపోతే, ఆ పని అతని మీద పడింది. ఇంజిన్ గుండెకాయ లాంటి క్రాంక్‌షాఫ్ట్ కోసం ఉక్కు దిమ్మె మీద గీత గీసి, ఆ గీత వెంట వరసగా రంధ్రాలు తొలిచి, ఉలీ సుత్తీతో అక్కర్లేని లోహాన్ని ఊడగొట్టి, మిగిలినదాన్ని లేత్ మీద తిప్పి నునుపు చేశాడు. ఆరు వారాల్లో పన్నెండు గుర్రాల శక్తి గల నాలుగు సిలిండర్ల ఇంజిన్ తయారైంది. ఆ ఇంజిన్ లేకపోతే కిట్టీ హాక్ లేదు. అయినా టేలర్ ముసలితనం పేదరికంలో గడిచింది. 1956లో అతను పోయేనాటికి లోకం అతన్ని దాదాపు మరిచిపోయింది. పోయిన తొమ్మిదేళ్లకు డేటన్ అతన్ని తన యజమానుల వరసలోనే నిలబెట్టింది. గౌరవ మందిరం చేయగల గొప్ప పని ఇదే. జీతగాడి పేరును యజమాని పేరు పక్కన, అదే ఎత్తులో రాయడం.

అయితే డేటన్‌కూ మచ్చ ఉంది. బెస్సీ కోల్మన్ అనే నల్లజాతి అమ్మాయిని అమెరికాలో ఏ విమాన శిక్షణ సంస్థా చేర్చుకోలేదు. ఆమె ఫ్రెంచి నేర్చుకుని, ఫ్రాన్సు వెళ్లి, 1921లో అక్కడ లైసెన్సు తెచ్చుకుంది. 1926లో విమాన ప్రమాదంలో చనిపోయింది. డేటన్ మందిరం ఆమెకు తలుపు తెరిచింది 2006లో. మెకానిక్‌కు మూడేళ్లలో దొరికిన చోటు ఆమెకు దొరకడానికి నలభై ఏళ్లు దాటింది. ఎంపిక కమిటీలో ఎవరు కూర్చుంటారో ఆ కమిటీ చూపు కూడా అంతవరకే ఆనుతుంది. మనిషికి పీట వేసే పద్ధతిలో ఉన్న ప్రమాదం ఇది. ఎవరినో కూర్చోబెట్టిన ప్రతిసారీ ఇంకెవరినో బయట నిలబెట్టినట్టే లెక్క.

విశాఖ: యంత్రానికి పీట

విశాఖ బీచ్ రోడ్డు మీద నిలబడ్డ టీయూ-142 విమానానిది వేరే కథ. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ గస్తీ విమానాలు 1988లో భారత నౌకాదళంలో చేరాయి. సముద్రం మీద గంటల తరబడి ఎగురుతూ జలాంతర్గాముల జాడ తీయడం వీటి పని. 29 ఏళ్ల సేవ తర్వాత 2017 మార్చి 29న అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాలి స్థావరంలో వీటికి వీడ్కోలు పలికారు. ఆ ఏప్రిల్‌లోనే ఒక విమానం విశాఖ ఐఎన్ఎస్ డేగాకు ఎగిరివచ్చింది. అక్కడ దాన్ని ముక్కలుగా విడదీసి, బీచ్ రోడ్డుకు తరలించి, మళ్లీ కూర్చి మ్యూజియం చేశారు. అదే ఏడాది డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు.

ఎక్కడ నిలబెట్టారన్నది కూడా గమనించాలి. రోడ్డుకు అవతలి వైపు, ఇసుక మీద, కుర్సురా జలాంతర్గామి 2002 నుంచే మ్యూజియంగా ఉంది. నీటి కింద దాక్కునే యంత్రం ఒకవైపు, అలాంటివాటిని వెతికి పట్టే యంత్రం మరోవైపు. రెండూ ఎదురెదురుగా నిలబడడంతో చూసేవాళ్లకు ఒకదాన్ని బట్టి మరొకటి అర్థమవుతుంది. ఈ కూర్పు చేసినవాళ్లను మెచ్చుకోవాలి.

లోపలికి వెళ్తే ఇంకా మేలైన పాఠం ఉంది. ప్రదర్శనశాలలో సోనోబాయ్ అనే గొట్టం లాంటి పరికరాన్ని పెట్టారు. విమానం దీన్ని సముద్రంలోకి జారవిడుస్తుంది. నీళ్లను తాకాక దాని కింది భాగం నుంచి శబ్దాన్ని పట్టే మైకు లోతుకు దిగుతుంది, పై భాగం తేలుతూ తాను విన్నదాన్ని రేడియో ద్వారా విమానానికి చేరవేస్తుంది. జలాంతర్గామిని కంటితో కాదు, చెవితో పట్టుకుంటారన్న సంగతి ఆ గొట్టం ముందు రెండు నిమిషాలు నిలబడితే పదేళ్ల పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. ఎన్ని ఫొటోలు, ఎన్ని శిలాఫలకాలు పెట్టినా ఇంత సూటిగా చెప్పలేవు. పైగా జీవితంలో విమానం ఎక్కనివాళ్లు టికెట్ కొనుక్కుని దాని కడుపులోకి నడిచి వెళ్లొచ్చు. మన పాలమూరు పల్లెల్లో ఇప్పటికీ విమానాన్ని నెత్తి మీద గీతలాగా చూసినవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

కానీ విశాఖలో కథానాయకుడు యంత్రమే. ఎన్నేళ్లు పనిచేసింది, ఎన్ని వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరింది, రెక్కల పొడవెంత అన్న లెక్కలు బయటికొచ్చాక కూడా గుర్తుంటాయి. అన్ని వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిందంటే ఆ ఘనత లోహానిదా? రాత్రింబవళ్లు నట్లు బిగించిన టెక్నీషియన్‌ది, ఇంధనం లెక్క చూసిన ఇంజినీర్‌ది, గస్తీలో కన్నార్పకుండా తెర ముందు కూర్చున్నవాళ్లది. చూసి వచ్చినవాళ్లను అడగండి. విమానం పేరు చెబుతారు, మనిషి పేరు ఒక్కటి కూడా చెప్పలేరు.

రెండింటి తూకం

డేటన్‌లో మనిషి దొరుకుతాడు గానీ అతని చేతిపని ఒక వాక్యంగా మిగిలిపోతుంది. విశాఖలో చేతిపని దొరుకుతుంది గానీ ఆ చేయి ఎవరిదో తెలియదు. డేటన్ పద్ధతిలో తప్పు జరిగితే అది అన్యాయం. అర్హులు బయట ఉండిపోతారు, బెస్సీ కోల్మన్ ఉండిపోయినట్టు. విశాఖ పద్ధతిలో జరిగేది మరపు. అందరూ సమానంగా బయటే ఉంటారు కాబట్టి ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ అడగరు. ఈ రెండింటిలో ఏది నయం?

నా మట్టుకు డేటనే నయం. అన్యాయాన్ని ఎత్తి చూపొచ్చు, పోట్లాడొచ్చు, ఆలస్యంగానైనా దిద్దించొచ్చు. 2006లో దిద్దారు కూడా. మరపును దిద్దడానికి ముందు అక్కడ ఒక మనిషి ఉండేవాడని ఎవరికో ఒకరికి తెలియాలి. పేర్ల పట్టిక తప్పుగా ఉన్నా, అది ఉన్నందువల్లే తప్పు కనబడుతుంది. కాబట్టి మన దగ్గర కట్టబోయేదానికి పునాది డేటన్ నుంచి రావాలి, గోడలు విశాఖ నుంచి రావాలి. ముందు మనిషి, ఆ మనిషి పక్కనే అతను తాకిన పనిముట్టు.

మన లెక్క

మన పద్ధతి ఈ రెంటికీ భిన్నం. మనం మొదటినుంచీ పీట వేసింది డబ్బు పెట్టినవాళ్లకు, ఆ తర్వాత రక్తసంబంధానికి.

మొదటిదానికి సాక్ష్యం మొదటి ప్రపంచ యుద్ధంలో ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వైమానిక దళానికి డీహెచ్-9ఏ బాంబర్ విమానాలు కొనిచ్చాడు. వాటితో 1918లో యుద్ధంలోకి దిగిన 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు వచ్చింది. ఇది నిజాం ఇచ్చిన కానుక అని ప్రతి విమానం మీదా రాసి ఉండేది. ఆ ఖజానాలోకి సొమ్ము వచ్చిన దారుల్లో పెద్దది శిస్తు. మా పాలమూరు మెట్టభూముల్లో వానకు ఎదురుచూసిన రైతు కట్టిన శిస్తు కూడా అందులో ఉంది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. ఫ్రాన్సు ఆకాశంలో మన ప్రాంతం పేరు ఎగిరింది, మన మనుషుల పేరు ఒక్కటీ ఎగరలేదు.

రెండోదానికి సాక్ష్యం ఇటీవలిది. 2021 నవంబరులో రాజాచారి స్పేస్‌ఎక్స్ క్రూ-3 కమాండర్‌గా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి, దాదాపు ఆరు నెలలు ఉండి, రెండుసార్లు బయట అంతరిక్షంలో పనిచేసి వచ్చాడు. అతని తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లారు. తాత మహబూబ్‌నగర్ నుంచి ఉస్మానియాకు వెళ్లి గణితం బోధించారు. ఆ వార్త వచ్చినప్పుడు జిల్లా అంతా మనోడే అని పొంగిపోయింది. అందులో నేనూ ఉన్నాను, ఆ సంతోషంలో తప్పేమీ లేదు. మన కరువు జిల్లా నుంచి ఒక కుటుంబం చదువును పట్టుకుని మూడు తరాల్లో అంతరిక్షం దాకా పోయిందంటే ఆ తాత చాక్‌పీసుకు దండం పెట్టాలి. కానీ రాజాచారి పుట్టింది మిల్వాకీలో, పెరిగింది అయోవాలో, ఎగరడం నేర్చుకుంది అమెరికా వైమానిక దళంలో. అతని ఎగురుడులో మన గాలి లేదు.

ఇప్పుడు అతని పక్కన ప్రేమ్ మాథుర్‌ను నిలబెట్టి చూడండి. ఆమె మన ప్రాంతం మనిషి కాదు. 1947లో అలహాబాద్‌లో వాణిజ్య పైలట్ లైసెన్సు తీసుకున్నారు. ఉద్యోగం కోసం తలుపు తడితే ఎనిమిది విమాన సంస్థలు ఆడమనిషి అని కాదన్నాయి. చివరికి ఉద్యోగమిచ్చింది మన హైదరాబాద్ సంస్థ, డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన ఆ సంస్థ బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపేది. భారతదేశపు తొలి మహిళా వాణిజ్య పైలట్ సహ పైలట్ సీట్లో కూర్చున్నది ఆ సంస్థ విమానంలోనే. 1949లో ఆమె జాతీయ వైమానిక పందెం గెలిచారు. 1953లో దేశంలోని విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. సంస్థతో పాటే ఆ జ్ఞాపకమూ కలిసిపోయింది.

ఈ ఇద్దరిలో మన గౌరవ మందిరంలో ముందు ఎవరి పేరు రావాలి? వంశం లెక్కన చూస్తే రాజాచారి. పని లెక్కన చూస్తే ప్రేమ్ మాథుర్. అతని పేరు ఇవాళ పిల్లలకు తెలుసు, ఆమె పేరు మన దగ్గర ఎంతమందికి తెలుసు? దేశంలో తొలిసారి ఒక స్త్రీకి పైలట్ ఉద్యోగమిచ్చిన ఘనత మన నగరానిది. ఆ ఘనతను మనం క్లెయిమ్ చేసుకోలేదు, ఎందుకంటే ఆమె ఇంటిపేరు మనది కాదు. బెస్సీ కోల్మన్‌ను తన దేశం కాదంటే ఫ్రాన్సు నేర్పింది. ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది సంస్థలు కాదంటే హైదరాబాద్ తీసుకుంది. ఫ్రాన్సు చేసిన పని చరిత్రలో నిలిచింది. మనం చేసిన పనిని మనమే వదిలేసుకున్నాం.

పని లెక్కన చూడడం మొదలుపెడితే పట్టిక ఒక్కసారిగా నిండుతుంది. రాకేశ్ శర్మ పంజాబ్‌లో పుట్టినా చదువుకున్నది హైదరాబాద్ సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్లో, నిజాం కాలేజీలో. 1984లో అంతరిక్షానికి వెళ్లిన తొలి భారతీయుడికి చదువు చెప్పిన ఊరు మనది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా యుద్ధ విమాన పైలట్లుగా బయటికొచ్చారు. వాళ్లెవరూ తెలుగువాళ్లు కారు, కానీ వాళ్లకు రెక్కలు తొడిగింది తెలంగాణ నేల. శంషాబాద్‌కు అవతల ఆదిబట్లలో టాటా బోయింగ్ కర్మాగారంలో 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. అక్కడ రివెట్లు బిగించే చేతులే ఇవాళ్టి చార్లెస్ టేలర్లు. వాళ్లను గుర్తించడానికి మనం ఎన్నేళ్లు ఆగాలి?

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది. పుట్టుకను లెక్కలోంచి తీసేస్తే ప్రాంతీయ మందిరమన్న మాటకు అర్థమేముంది, దేశంలో ఎవరినైనా మనవాళ్లనొచ్చు కదా అని. బరువైన ప్రశ్నే. దీనికి డేటన్ నేర్పిన జవాబు, పని ఆ నేల మీద జరిగిందా అన్నది. రైట్ సోదరుల్లో ఒకరు ఇండియానాలో పుట్టారు, ఇద్దరూ కరోలినాలో ఎగిరారు. కానీ లేత్ తిరిగింది, గాలి సొరంగంలో రెక్కల నమూనాలు పరీక్షించింది డేటన్ దుకాణంలో. ఆ కొలతే మనకూ చాలు. ఇక్కడ నేర్చుకున్నారా, ఇక్కడ నేర్పారా, ఇక్కడ నడిపారా, ఇక్కడ తయారుచేశారా? అవునంటే మనవాళ్లు. రాజాచారి తాత అవునే, ఎందుకంటే ఆయన ఇక్కడే చదువు చెప్పారు. ఆ మందిరంలో మనవడి ఫొటో ఉన్నా, దాని కింద గౌరవం తాత పంతులు పనికి దక్కాలి.

మందిరం ఎక్కడ ఉండాలన్నది చివరి మాట. బేగంపేట పాత విమానాశ్రయం ఉంది, అక్కడ రెండేళ్లకోసారి విమానాల ప్రదర్శన జరుగుతుంది. అక్కడ పెడితే హైదరాబాద్ పిల్లలు చూస్తారు. నేను మాత్రం జడ్చర్లలో ఒక గది అడుగుతాను. మన బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణలోనే తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెంచుకున్నాం. మెట్ట జిల్లాలో ఒక ప్రభుత్వ కళాశాల రకరకాల మొక్కలను పేరు పేరునా నాటి, పేరు రాసిన పలక పక్కన పెట్టి కాపాడగలిగితే, మనుషుల పేర్లను కాపాడలేదా? మంత్రి ప్రారంభించే పెద్ద భవనం అక్కర్లేదు. ఒక గది, అందులో ఒక డకోటా నమూనా, ఆదిబట్లలో వాడే ఒక రివెట్, ఒక పైలట్ లాగ్‌బుక్ ప్రతి ఉంటే మొదలుపెట్టొచ్చు. ఏటా ముగ్గురి పేర్లు ఎంచుకోవాలి. ఒకరు నడిపినవాళ్లు, ఒకరు తయారుచేసినవాళ్లు, ఒకరు నేర్పినవాళ్లు. డబ్బు ఇచ్చినవాళ్ల పేరు రసీదు మీద ఉంటే చాలు, గోడ మీద వద్దు. ఎంపిక కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి, కనీసం ఒక మెకానిక్ ఉండాలి. డేటన్ నలభై ఏళ్ల ఆలస్యం మనం మళ్లీ చేయనక్కర్లేదు.

మొదటి ఏడాది మొదటి పలక ప్రేమ్ మాథుర్‌ది కావాలి. ఎనిమిది చోట్ల కాదన్నారని, తొమ్మిదోచోట హైదరాబాద్ అవునన్నదని దాని మీద స్పష్టంగా రాయాలి. డెక్కన్ ఎయిర్‌వేస్ ఆమెను సహ పైలట్ సీటు దాకానే రానిచ్చిందని కూడా రాయాలి. మెచ్చుకోవలసింది, ఒప్పుకోవలసింది ఒకే పలక మీద ఉన్నప్పుడే అది గౌరవమవుతుంది. జడ్చర్ల కళాశాలలో చదివే ఆడపిల్ల ఆ రెండు వాక్యాలూ చదివి, మొదటిదానికి గర్వపడి, రెండోదానికి కోపం తెచ్చుకోవాలి. డేటన్ మందిరానికి ఆ కోపం పుట్టడానికి నలభై ఏళ్లు పట్టింది. మనం దాన్ని మొదటి రోజే గోడ మీద పెట్టగలం, పెట్టాలి.